ఒకే మందుకు నాలుగు అంకెలు: హెచ్‌ఐవీ మందుల ల్యాబ్ పరీక్షలను పోల్చి చూడటం ఎలా

శ్రీకాకుళంలో మా ల్యాబ్ తలుపు తోసుకుని ఓ సాయంత్రం ఎమ్మెస్సీ అమ్మాయి ఒకామె వచ్చింది. చేతిలో 96 వెల్స్, అంటే చిన్న గుంటలు, ఉన్న ప్లేటు. "మేడం, చూడండి, టాప్ డోసులో కూడా సెల్స్ ఒక్కటీ చావలేదు. కంట్రోల్ కంటే 30 శాతం ఎక్కువే బతికాయి" అంది. పల్లెల్లో కామెర్లకు నూరి ఇచ్చే నేల ఉసిరి ఉంది కదా, హెచ్‌ఐవీకి పనికొస్తుందేమోనని దాని రసం తీసి పరీక్షిస్తోంది. ముందు అది సెల్స్‌ని చంపుతుందా అని చూస్తోంది. ప్లేటు చూస్తే డోసు పెరిగే కొద్దీ వంకాయ రంగు చిక్కబడుతోంది. మందు పోస్తే సెల్స్ 130 శాతం బతకడమేమిటని నాకు అక్కడే అనుమానం. "సెల్స్ లేకుండా రసం ఒక్కటే పోసిన వెల్స్ ఏవీ?" అన్నాను. పెట్టలేదు. మర్నాడు పెట్టాం. మీడియం (సెల్స్‌ని పెంచే ద్రవం), రసం, ఎంటీటీ అనే రంగు, అంతే. సెల్ అన్నదే లేదు. కాసేపటికి అక్కడా అదే వంకాయ రంగు.

పసుపుగా ఉండే ఎంటీటీని బతికున్న సెల్ ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తుంది. ఆ రంగు చిక్కదనాన్ని బట్టి ఎన్ని సెల్స్ బతికాయో లెక్క కడతాం. నేల ఉసిరిలో దండిగా ఉండే టానిన్ల లాంటి పదార్థాలు సెల్ సాయం లేకుండానే ఆ పని కానిచ్చేస్తాయి. సెల్స్‌ని లెక్కపెడుతున్నాం అనుకుంటూ మేం టానిన్లని లెక్కపెట్టామన్నమాట.

హెచ్‌ఐవీ మీద మందు పని చేస్తుందో లేదో చూసే పద్ధతులు అరడజను పైనే ఉన్నాయి. ఒకే మందును అన్నిటిలో పెడితే ఒక్కోచోట ఒక్కో అంకె వస్తుంది. కొన్నిచోట్ల అసలేమీ రాదు. ఏ పద్ధతి మంచిదండీ అని అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు తెలిసిన మందుల్ని అందులో పెట్టండి, తర్వాత చూద్దాం మీ కొత్త మందు సంగతి. ఈ పని కొత్తగా మొదలుపెట్టే మన జిల్లా పిల్లల కోసం అడుగడుగునా ఏం చేయాలో రాస్తున్నాను.

ముందు అంకెల గురించి ఒక మాట. పలాసలో జీడిపప్పు కొన్నవాళ్ళకి తెలుసు, 240 నంబరు గింజ 320 నంబరు కన్నా పెద్దది. ఒక పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో ఆ అంకె అది. నంబరు చిన్నదైతే సరుకు పెద్దది. ఈసీ50 కూడా అలాంటిదే. వైరస్‌ని సగానికి తగ్గించడానికి ఎంత గాఢత కావాలో చెబుతుంది, కాబట్టి ఎంత చిన్నదైతే మందు అంత బలమైనది. సీసీ50 దీనికి ఎదురు. సగం సెల్స్‌ని చంపే గాఢత అది, పెద్దగా ఉంటేనే మంచిది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది సెలెక్టివిటీ ఇండెక్స్. సీసీ50 50 మైక్రోమోలార్, ఈసీ50 0.5 మైక్రోమోలార్ అయితే ఇండెక్స్ 100. పై కథలో లాగా సీసీ50 తప్పుగా పెద్దదైపోతే ఇండెక్స్ కూడా దాంతో పాటే ఉబ్బిపోతుంది.

అడుగు 1: మీ పద్ధతి వైరస్ బతుకులో ఏ ఘట్టాన్ని చూస్తుందో రాసుకోండి

హెచ్‌ఐవీ సెల్ మీద సీడీ4 అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది. తర్వాత సీసీఆర్5 గానీ సీఎక్స్‌సీఆర్4 గానీ తోడు తీసుకుని లోపలికి దూరుతుంది. తన ఆర్‌ఎన్‌ఏని రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తో డీఎన్‌ఏగా మార్చుకుంటుంది, ఇంటిగ్రేజ్‌తో మన డీఎన్‌ఏలో అతికించుకుంటుంది. అక్కడి నుంచి కొత్త ప్రొటీన్లు తయారై, మొగ్గ తొడిగినట్టు కొత్త వైరస్‌లు బయటికొస్తాయి. వాటిని ప్రొటియేజ్ కోసి పక్వం చేస్తేనే అవి ఇంకో సెల్‌కి సోకగలవు.

పద్ధతులన్నీ మూడు రకాల్లో ఇమిడిపోతాయి. ఒకటి, సెల్ లేకుండా ఎంజైమ్ ఒక్కటే పెట్టి చూసేది. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎలీసా (యాంటీబాడీలతో పట్టి రంగుతో కొలిచే పద్ధతి) కిట్లు ఈ కోవలోవి. రెండు, ఒకే ఒక్క చుట్టు తిరిగే వైరస్‌తో చేసేది. సూడోవైరస్‌ని, అంటే ఒక్కసారి సోకి ఆగిపోయే నకిలీ వైరస్‌ని, టీజెడ్‌ఎం-బీఎల్ అనే ల్యాబ్ సెల్స్ మీద వేసి, 48 గంటల తర్వాత లూసిఫరేజ్ (వెలుగునిచ్చే ఎంజైమ్) వెలుగు కొలుస్తాం. మూడు, అసలు వైరస్‌ని పెంచి చూసేది. ఎంటీ-4 అనే టీ సెల్స్ చావకుండా మందు కాపాడిందా అని ఎంటీటీతో చూడటం, రక్తదాతల తెల్లకణాల్లో వైరస్ పెంచి పైన తేలిన ద్రవంలో వైరస్ తాలూకు పీ24 ప్రొటీన్‌ను ఎలీసాతో కొలవడం ఇందులోకే వస్తాయి. ఎంటీ-4 పద్ధతి 1988 నుంచి వాడుకలో ఉంది, నాలుగైదు రోజుల్లో తేలిపోతుంది. తెల్లకణాల పద్ధతికి వారం పడుతుంది, ఖర్చు ఎక్కువ, దాత మారితే అంకె మారుతుంది. అయినా మనిషి ఒంట్లో జరిగేదానికి దగ్గరగా ఉండేది అదే కాబట్టి చివరి మాట దానిదే అంటారు చాలామంది.

అడుగు 2: మీ ల్యాబ్‌లో ఏది చేయొచ్చో తేల్చుకోండి

ఇక్కడ మొహమాటం వద్దు. బతికున్న హెచ్‌ఐవీని పెంచే పని బీఎస్‌ఎల్-3 (మూడో స్థాయి బయోసేఫ్టీ) ల్యాబ్‌లో చేయాలి. కాలేజీ ల్యాబ్‌లో మూల ఒక క్యాబినెట్ ఉంది కదా అని మొదలుపెట్టే పని కాదు. ఎంజైమ్ పరీక్ష, విషప్రభావం పరీక్ష, సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతితో బీఎస్‌ఎల్-2లో సూడోవైరస్ పరీక్ష, ఇవి మన చేతిలో ఉన్నవి. అసలు వైరస్ పనికి పుణెలోని నిట్వార్ (పాత పేరు జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థ) లాంటి చోట్ల వాళ్ళతో కలిసి చేసుకోవాలి.

దాతల రక్తం తీసుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత రాతపూర్వక సమ్మతి రెండూ ఉండాలి. రోగుల శాంపిళ్ళు అయితే 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం వాళ్ళ వివరాలు గుట్టుగా ఉంచడం మీ బాధ్యత. ఇక సూది గుచ్చుకుంటే? హెచ్‌ఐవీ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకున్నప్పుడు సోకే అవకాశం సుమారు 0.3 శాతం. తక్కువే కదా అని ఊరుకోకూడదు. సబ్బు, నీళ్ళతో కడుక్కుని వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. హెచ్‌ఐవీ సోకకుండా అక్కడిచ్చే మందు మొదటి డోసు రెండు గంటల్లోపు పడితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు, కోర్సు 28 రోజులు. ఈ నాలుగు ముక్కలూ ల్యాబ్ గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి.

అడుగు 3: తెలిసిన మందుల జట్టును ప్రతి పద్ధతిలోనూ పెట్టండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అడుగు ఇదే. ఒక్కో తరగతి నుంచి ఒక్కో మందు తీసుకోండి. జిడోవుడిన్, నెవిరపిన్, డొలుటెగ్రవిర్, దారునవిర్, మరవిరోక్ ఉంటే చాలు. ఇవి ఎక్కడ పని చేస్తాయో ముందే తెలుసు కాబట్టి, మీ పరీక్షకి చూపు ఎంతుందో ఇవే చెబుతాయి.

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ని ఆపే జిడోవుడిన్ సంగతే చూడండి. దీన్ని 1964లో క్యాన్సర్ కోసం తయారుచేశారు, అప్పట్లో అక్కరకు రాలేదు. 1985లో, వైరస్ సోకిన టీ సెల్స్‌ని ఇది కాపాడుతోందని ల్యాబ్‌లో తేలింది. 1987 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పుడు ఇదే మందును నేరుగా ఎంజైమ్ ఎలీసా కిట్‌లో పోయండి. ఏమీ జరగదు. ఎందుకంటే సెల్ లోపలికి వెళ్ళాక అక్కడి కైనేజ్ ఎంజైమ్‌లు దానికి మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తేనే అది మందవుతుంది. ఎంజైమ్ పరీక్షలో సెల్ లేదు, కైనేజ్ లేదు. ట్రైఫాస్ఫేట్ రూపం కొని పోస్తే అప్పుడు పని చేస్తుంది. 1985లో వాళ్ళు ఎంజైమ్ పరీక్ష ఒక్కటే చేసి ఉంటే ఆ సీసాని మళ్ళీ అటక మీద పెట్టేసేవాళ్ళు.

నెవిరపిన్‌కి ఆ బాధ లేదు, ఫాస్ఫేట్ అవసరం లేకుండా ఎంజైమ్‌కే అతుక్కుంటుంది. కాబట్టి ఎంజైమ్ పరీక్షలోనూ, సెల్ పరీక్షలోనూ కనిపిస్తుంది. సెల్స్‌లో దాని ఈసీ50 మామూలుగా 10 నుంచి 100 నానోమోలార్ మధ్య ఉంటుంది. మీకు 3,000 వస్తే తప్పు మందులో లేదు, మీ ప్లేటులోనో పిపెట్‌లోనో వెతకండి. డొలుటెగ్రవిర్ పని చేసేది ఇంటిగ్రేజ్ మీద, కాబట్టి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కిట్‌లో సున్నా, సెల్స్‌లో దిట్ట.

ప్రొటియేజ్‌ని ఆపే దారునవిర్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. టీజెడ్‌ఎం-బీఎల్ సెల్స్‌లో సూడోవైరస్‌తో పాటు దారునవిర్ వేస్తే వెలుగు ఏమాత్రం తగ్గదు. వైరస్ డీఎన్‌ఏ అతుక్కున్నాక తయారయ్యే టాట్ ప్రొటీన్ వల్ల ఆ వెలుగు వస్తుంది. ప్రొటియేజ్ పని ఆ తర్వాతి సంగతి, ఒక్క చుట్టు పరీక్షలో ఆ ఘట్టమే రాదు. ప్రొటియేజ్ మందును చూడాలంటే సూడోవైరస్ తయారవుతున్న 293టీ సెల్స్‌కే మందు ఇచ్చి, అక్కడ పుట్టిన వైరస్‌ను తర్వాత టీజెడ్‌ఎం-బీఎల్ మీద వేయాలి. అసలు వైరస్ అనేక చుట్లు తిరిగే పరీక్షల్లో ఈ తిప్పలు ఉండవు.

ఈ ఐదు మందుల్నీ నిలువు వరసలో, మీ పద్ధతుల్ని అడ్డు వరసలో రాసి, ఎక్కడ పని చేయాలో ఎక్కడ చేయకూడదో ప్రయోగానికి ముందే పెన్సిల్‌తో నింపండి. ప్రయోగం అయ్యాక పెన్నుతో నింపండి. పెన్సిల్‌కీ పెన్నుకీ తేడా వచ్చిన గడి దగ్గరే మీకు నేర్చుకునేది ఉంటుంది.

అడుగు 4: వైరస్ మనదేనా, సెల్స్ దానికి తగినవేనా?

మన దేశంలో కనిపించే హెచ్‌ఐవీ-1లో అత్యధికం సబ్‌టైప్ సీ. అది ఎక్కువగా సీసీఆర్5 తలుపు నుంచి వస్తుంది. ల్యాబుల్లో పాతుకుపోయిన త్రీబీ, ఎన్‌ఎల్4-3 స్ట్రెయిన్లేమో సబ్‌టైప్ బీ, వాటి తలుపు సీఎక్స్‌సీఆర్4. ఎంటీ-4 సెల్స్‌కి రెండో తలుపే ఉంది. కాబట్టి మన సబ్‌టైప్ సీ వైరస్‌ని ఎంటీ-4 మీద వేసి, పెరగడం లేదు, మందు అద్భుతంగా పనిచేస్తోందని మురిసిపోవద్దు. మందు వేయని వెల్‌లోనూ అది పెరిగి ఉండదు. అలాగే మరవిరోక్ సీసీఆర్5ని మాత్రమే మూస్తుంది కాబట్టి త్రీబీ మీద దానికి బలం సున్నా.

టీజెడ్‌ఎం-బీఎల్ సెల్స్‌కి రెండు తలుపులూ ఉన్నాయి, అందుకే పద్ధతుల్ని పోల్చడానికి అనువు. ఒక చిట్కా: హెచ్‌ఐవీ కవచానికి బదులు వీఎస్‌వీ అనే వేరే వైరస్ కవచం తొడిగిన సూడోవైరస్ కూడా పక్కన పెట్టుకోండి. ప్రవేశాన్ని ఆపుతుందని మీరనుకుంటున్న మందు దాన్ని కూడా ఆపేస్తే, అది హెచ్‌ఐవీ తలుపు దగ్గర పని చేయట్లేదని అర్థం.

అడుగు 5: ప్లేటు

ఎనిమిది గాఢతలు, మూడేసి రెట్లు పలచన చేస్తూ. ప్రతి గాఢతకి మూడు వెల్స్. మొత్తం ప్రయోగం మూడు వేర్వేరు రోజుల్లో. ఒకే రోజు మూడు ప్లేట్లు పెట్టి మూడుసార్లు చేశామని రాస్తారు కొందరు, అది ఒక్కసారి కిందే లెక్క. మందును కరిగించే డీఎంఎస్‌ఓ అన్ని వెల్స్‌లో ఒకేలా, 0.5 శాతం దాటకుండా. అంచు వెల్స్ ఆవిరై ఎండిపోతాయి, వాటిలో ఉత్త బఫర్ పోసి వదిలేయండి. కంట్రోల్స్ నాలుగు: సెల్స్ మాత్రమే, సెల్స్‌తో వైరస్, సెల్స్‌తో మందు, సెల్స్ లేకుండా మందు. నాలుగోది ఎందుకో పైన చదివారు.

వైరస్ ఎంత వేయాలన్నది ఇంకో పెద్ద విషయం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ డీజిల్ అయిపోయిన మర్నాడు పొద్దున్నే మా అటెండర్ గుమ్మంలోనే చెప్పాడు, "ఈ పెట్టె సప్పుడే సెయ్యట్నేదమ్మా, లోపల మంచంతా కారిపోనాది." ఆ పెట్టె మా మైనస్ 80 ఫ్రీజర్. సూడోవైరస్ సీసాలు కరిగి, తర్వాత మళ్ళీ గడ్డకట్టాయి. పారేయడానికి మనసొప్పక ఒక ప్లేటు పెట్టాం. నెవిరపిన్ ఈసీ50 మునుపటి దానిలో మూడో వంతుకి పడిపోయింది! తుపాను మందుకి బలం తెచ్చిందా అని నవ్వుకున్నాం గానీ, లెక్క వేస్తే తెలిసింది: అంతకు ముందు మేం వైరస్‌ని మోతాదుకు మించి వేస్తున్నాం. వెలుగు అప్పటికే పరాకాష్ఠలో ఉంటే, వైరస్ కొంత తగ్గినా మీటర్ మీద కనిపించదు, ఇంకా మందు పోయాల్సి వస్తుంది. కరిగిన సీసాల్లో చాలా వైరస్ చచ్చిపోయి, మోతాదు దానంతటదే దారిలోకి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి కొత్త బ్యాచ్‌ను ముందు పలచన చేస్తూ కొలిచి, వెలుగు సరళరేఖలో పెరిగే చోట మోతాదు ఎంచుకుంటున్నాం. రెండు పద్ధతుల్లో వైరస్ మోతాదు రాయకుండా ఈసీ50లు పక్కపక్కన పెట్టిన పట్టిక కనిపిస్తే నేను ఆ పేజీ తిప్పేస్తాను.

అడుగు 6: అబద్ధపు ఫలితాలను పట్టుకోండి

ప్రతి పద్ధతికీ దాన్ని మోసం చేసే పదార్థాలు వేరు. ఎంటీటీ గురించి చెప్పాను. లూసిఫరేజ్ పరీక్షలో మీ మందు లూసిఫరేజ్ ఎంజైమ్‌నే ఆపేయొచ్చు, వైరస్ జోలికి పోకుండానే వెలుగు తగ్గుతుంది. సెల్స్ చచ్చినా వెలుగు తగ్గుతుంది. అందుకే విషప్రభావం పరీక్షను అవే సెల్స్ మీద, అన్ని గంటలే, పక్క ప్లేటులో చేయాలి. ఇంకో రకం సెల్స్ మీద తెచ్చిన సీసీ50తో భాగిస్తే వచ్చే ఇండెక్స్‌కి అర్థం లేదు.

ఎంజైమ్ పరీక్షలో టానిన్లు దేనికైనా అతుక్కుంటాయి. అనుమానం వస్తే కాస్త ఆల్బుమిన్ గానీ కొద్దిపాటి డిటర్జెంట్ గానీ కలిపి మళ్ళీ చూడండి. నిరోధం మాయమైతే అది ఉత్త జిగురు. పీ24 పరీక్షలో మోసం తక్కువే గానీ, శాంపిల్‌ని సరిగా పలచన చేయకపోతే ఎలీసా రీడింగ్ పైకప్పుకి తగిలి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. సెల్స్‌లో మైకోప్లాస్మా అనే బాక్టీరియా ఉంటే ఏ పద్ధతినీ నమ్మలేం, నెలకోసారి పరీక్షించుకోండి.

అడుగు 7: లెక్క

సెల్స్‌ని కాపాడే పరీక్షలో ఒక ఉదాహరణ తీసుకుందాం. వైరస్ లేని సెల్స్ రీడింగ్ 1.20, వైరస్ మాత్రమే ఉన్న సెల్స్ 0.20, వైరస్‌తో పాటు మందు పడిన సెల్స్ 0.85 అనుకోండి. మందు నిలబెట్టింది 0.85 నుంచి 0.20 తీసేస్తే 0.65. నిలబెట్టగలిగిన మొత్తం 1.00. అంటే 65 శాతం రక్షణ. ఇలా ఎనిమిది గాఢతలకీ కట్టి, నాలుగు పారామీటర్ల వక్రరేఖ గీస్తే 50 శాతం దగ్గర ఈసీ50 దొరుకుతుంది. గ్రాఫు కాగితం మీద స్కేలుతో గీతగీసి చదివేయకండి, ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలానే ఉన్నాయి.

ప్లేటు నమ్మదగినదో కాదో చెప్పడానికి 1999లో వచ్చిన జెడ్ ప్రైమ్ అనే కొలత ఉంది. రెండు కంట్రోల్స్ స్టాండర్డ్ డీవియేషన్లు కలిపి మూడుతో గుణించి, సగటుల మధ్య తేడాతో భాగించి, ఒకటిలోంచి తీసేయాలి. పై ఉదాహరణలో డీవియేషన్లు 0.06, 0.04 అనుకుంటే, 0.10ని మూడుతో గుణిస్తే 0.30, తేడా 1.00, కాబట్టి జెడ్ ప్రైమ్ 0.70. 0.5 దాటితే ప్లేటు ఉంచుకోండి. తక్కువైతే మందు ఎంత బాగా పనిచేసినట్టు కనిపించినా ఆ ప్లేటు లెక్కలోకి తీసుకోకండి. గైడుకి చూపించే ముందే తీసేస్తే టెన్షన్ ఉండదు.

అడుగు 8: రెండు పద్ధతుల్ని ఎదురెదురుగా నిలబెట్టడం

ఇక్కడ అందరూ చేసే పొరపాటు కోరిలేషన్ లెక్కగట్టి 0.95 వచ్చింది, రెండూ ఒకటే అనేయడం. ఒక పద్ధతి ప్రతిసారీ పది రెట్లు ఎక్కువ చూపించినా కోరిలేషన్ 1 రావొచ్చు. ఈసీ50లను లాగ్‌లోకి మార్చి, ప్రతి మందుకీ రెండు పద్ధతుల మధ్య తేడా కట్టి, ఆ తేడాను సగటుకి ఎదురుగా చుక్కలు పెట్టండి. బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చుక్కలన్నీ సున్నా చుట్టూ ఉంటే పద్ధతులు ఏకీభవిస్తున్నాయి. అన్నీ ఒకే ఎత్తులో పైకి జరిగి ఉంటే స్థిరమైన తేడా ఉంది, దిద్దుకోవచ్చు. ఒక తరగతి మందులు మాత్రమే దూరంగా పడితే ఆనందించండి, అక్కడ జీవశాస్త్రం మాట్లాడుతోంది. నా మటుకు మూడు రెట్ల లోపు తేడాను తేడాగా లెక్కించను. సెల్ పరీక్షలు అంతకన్నా నిలకడగా ఉండవు.

అడుగు 9: పద్ధతులు గొడవపడితే టైమ్ చూడండి

కొత్త మందు సెల్స్‌లో పని చేసి, ఎంజైమ్ పరీక్షలో చేయకపోతే ఎక్కడ ఆపుతోందో వెతకాలి. అసలు వైరస్‌తో, ఒకే చుట్టులో, మందును గంట గంటకీ ఆలస్యం చేస్తూ వేస్తారు. ప్రవేశాన్ని ఆపే మందు సోకిన గంటా రెండు గంటల తర్వాత వేస్తే దండగ. జిడోవుడిన్ లాంటిది సుమారు నాలుగు గంటల వరకు, ఇంటిగ్రేజ్ మందు సుమారు ఎనిమిది గంటల వరకు ఆలస్యాన్ని తట్టుకుంటాయి. ప్రొటియేజ్ మందైతే ఇంకా చాలాసేపు ఆగినా పని చేస్తుంది. మీ మందు ఏ తెలిసిన మందు బండి తప్పిపోయే వేళకి తనూ తప్పిపోతుందో చూస్తే దాని మజిలీ తెలిసిపోతుంది. విజయనగరం ప్లాట్‌ఫాం మీద ఏ రైలు తప్పిపోయిందో చెబితే మీరు ఎన్నింటికి స్టేషన్‌కి వచ్చారో చెప్పగలిగినట్టు.

అడుగు 10: మొండి వైరస్, మనిషి సీరం

రెండు ఆఖరి ప్లేట్లు. ఒకదానిలో కే103ఎన్ అనే జన్యు మార్పు వల్ల మందుకు లొంగని వైరస్ వేసి నెవిరపిన్ పెట్టండి. ఈసీ50 పదుల రెట్లు పైకి ఎగబాకాలి. ఎం184వీ ఉన్న వైరస్ మీద లామివుడిన్ కూడా అంతే, ఇంకా ఎక్కువే. ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లలో ఇచ్చే టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రవిర్ మాత్రలో ఇదీ ఒకటి కాబట్టి ఈ ప్లేటు ఊరికే పోదు. మీ పద్ధతి ఆ ఎగబాకడాన్ని చూపించకపోతే అది ఎంత చవకైనా, ఎంత వేగమైనా కొత్త మందుకి వాడొద్దు.

రెండోదానిలో మీడియానికి సగం వరకు మనిషి సీరం కలపండి. ఎఫవిరెంజ్, డొలుటెగ్రవిర్ 99 శాతం దాకా రక్తంలోని ప్రొటీన్లకి అతుక్కుపోతాయి. నెవిరపిన్ 60 శాతమే. పది శాతం దూడ సీరంలో వచ్చిన ఈసీ50 మనిషి సీరంలో ఎన్ని రెట్లు పెరిగిందో పట్టికలో ఒక గడి దానికి కేటాయించండి.

నేల ఉసిరి అమ్మాయి సంగతి అడుగుతారేమో. ఎంటీటీ మానేసి, బతికున్న సెల్స్‌లో ఉండే శక్తి అణువు ఏటీపీని కొలిచే కిట్‌తో మళ్ళీ చేసింది. ఈసారి టాప్ డోసులో సగం పైగా సెల్స్ చచ్చాయి. రసంలోంచి టానిన్లు తీసేసి ఎంజైమ్ పరీక్ష పెడితే నిరోధం కూడా చాలా వరకు పోయింది. ప్రాజెక్ట్ రిపోర్టులో రెండు ప్లేట్ల ఫొటోలూ పక్కపక్కన వేసింది, వంకాయ రంగుదీ, తర్వాతదీ. వైవాలో అడిగిన ప్రశ్నలన్నీ మొదటి ఫొటో మీదే.